గ్రీకు బంగారు నగల్లో కనిపించే హెరాక్లీస్ ముడికీ పెళ్లికీ సంబంధం ఏమిటి?

సంబంధం ఉంది. నాకది మా నాన్న పక్కన నిలబడి చూసినప్పుడు అర్థమైంది.

నాన్న నలభై ఏళ్లు కంసాలి పని చేశారు. మా ఇంటికి న్యూజెర్సీ వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి తీసుకెళ్లాను. గ్రీకు విభాగంలో ఒక దండకడియం ముందు ఆగిపోయారు. క్రీ.పూ. 3-2 శతాబ్దాల నాటిది. నడుమ పెద్ద బంగారు ముడి, దానిమీద ఎర్రటి గార్నెట్లు, పచ్చలు, మీనా పని. దాన్ని హెరాక్లీస్ ముడి అంటారు. తాడు కుడి కొసను ఎడమ కొస మీదుగా ఒకసారి, ఎడమ కొసను కుడి కొస మీదుగా మరోసారి వేస్తే పడేది ఈ ముడే. గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ తాను చంపిన సింహం తోలును గుండెల మీద ఇలాగే కట్టుకున్నట్టు గ్రీకులు బొమ్మల్లో చూపించారు. ఈ ముడితో కట్టు కడితే గాయం త్వరగా మానుతుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే మొదట ఇది రక్షణ ముడి.

పెళ్లి సంగతి నడికట్టు దగ్గర వస్తుంది. గ్రీకులో 'నడికట్టు విప్పడం' అంటే కన్యాత్వం వదలడమనే అర్థం గ్రీకు ఆదికవి హోమర్ కాలం నుంచీ ఉంది. రోమన్ పెళ్లికూతురి నడికట్టుకు సరిగ్గా ఈ ముడే వేసేవారు, పెళ్లిరాత్రి వరుడు విప్పేవాడు. హెరాక్లీస్‌కు 70 మంది పిల్లలు కాబట్టి ఆ సంతాన భాగ్యం తమకూ కలగాలని కోరిక. మన పెళ్లిలో వరుడు ముడి వేస్తాడు, అక్కడ విప్పుతాడు. ఇది చెప్పగానే నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఇలాంటి నగలు అలెగ్జాండర్ పర్షియాను గెలిచాక బాగా పెరిగాయి, ఎందుకంటే అక్కడి ఖజానాల బంగారం గ్రీకుల చేతికొచ్చింది. చెవిపోగులకు ఎరోస్ అనే బుల్లి రెక్కల ప్రేమదేవుడు వేలాడేది కూడా ఎక్కువగా ఆ కాలంలోనే. అయితే ఎరోస్ కనిపించిన ప్రతి నగా పెళ్లినగ అనుకోకండి. మనకు దొరికినవాటిలో చాలా వరకు సమాధుల్లోవే. 1977లో ఉత్తర గ్రీసులోని వెర్గినాలో పురావస్తు శాస్త్రవేత్త ఆండ్రోనికోస్ తవ్విన రాజసమాధి ముందుగదిలో ఒక స్త్రీ అస్థికలతోపాటు బంగారు మిర్టిల్ ఆకుల కిరీటం దొరికింది. మిర్టిల్ ప్రేమదేవత అఫ్రొడైటీకి ప్రియమైన మొక్క. ఆమె ఆకులు చితాభస్మం పక్కన ఉన్నాయని చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

నాన్నను కట్టిపడేసింది మాత్రం పక్క అద్దాల్లోని నగల మీద ఆవగింజకన్నా చిన్న బంగారు గుండ్లు. "మాటు జాడే లేదు తల్లీ" అన్నారు. మాటు అంటే నగ ముక్కల్ని అతికించడానికి కరిగించి పోసే లోహం. రాగి ఖనిజం పొడిని జిగురులో కలిపి గుండ్లు అంటించి కాలిస్తే, బంగారం కరిగే వేడికి ముందే, సుమారు 890 డిగ్రీల దగ్గర, ఆనిన చోట మాత్రమే గుండూ నగా అతుక్కుంటాయి. విడిగా మాటు అక్కర్లేదు.

మీరు వెళ్తే గానిమీడ్ చెవిపోగులు కూడా వదలకండి, వాటిలో గ్రీకు దేవతల రాజు జ్యూస్ డేగ రూపంలో గానిమీడ్ అనే కుర్రాణ్ణి ఎత్తుకుపోతుంటాడు. ఆ రాత్రి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర మా పాప రిబ్బనుతో ఆ ముడి వేసి, విప్పి, మళ్లీ వేశారు. తర్వాత రాగి తీగ ఉందా అని అడిగారు.