షిప్పులో కార్తీకం, పళ్లెంలో టర్కీ

రేవు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(జవాబులు ఇస్తున్నవారు అమెరికా రేవుల నుంచి తిరిగే క్రూయిజ్ షిప్పుల రెస్టారెంట్లలో వెయిటరుగా మొదలై హెడ్ వెయిటరుగా రిటైరయ్యారు. ప్రస్తుతం విశాఖపట్నం, పెదవాల్తేరులో ఉంటున్నారు.)

ప్రశ్న: అన్నయ్య గారూ, మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. అల్లుడు అక్కడివాడే, అమెరికన్. ఈ 2026 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి మా వియ్యంకులు అందరికీ కలిపి దగ్గరున్న గాల్వెస్టన్ రేవు నుంచి వారం రోజుల షిప్పు బుక్ చేశారు. 22న ఎక్కి 29న దిగడం, మధ్యలో మెక్సికోలో కోజుమెల్ చూపిస్తారట. మేమిద్దరం విజిటర్ వీసా మీద వెళ్తున్నాం. మేం గుడ్డు కూడా తినం. పైగా అది కార్తీకం. నేను ఉల్లి, వెల్లుల్లి ముట్టను, సోమవారం ఉపవాసం. పౌర్ణమికి 365 వత్తులు వెలిగించడం మా అత్తగారి నాటి నుంచి వస్తోంది. పండగ రోజు బల్ల మధ్యలో పెద్ద కోడిని పెట్టుకుని కోస్తారట. దాని ఎదురుగా నేనెలా కూర్చోను? రానంటే వియ్యపురాలు ఏమనుకుంటారో! మావారేమో ఆ పూట కేబిన్లోనే ఉండిపోదాం, అటుకులు పట్టుకెళ్దాం అంటున్నారు. ఆవిడకి ఏం పెట్టాలో కూడా చెప్పండి.
– ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: అమ్మా, కేబిన్లో కూర్చోకండి. అంత దూరం వెళ్లి, తలుపేసుకుని అటుకులు నమలడానికి షిప్పెందుకు? మీ వారికి నా మాటగా చెప్పండి.

మీ భయంలో సగం తీసేసే సంగతి ముందు చెబుతాను. మీరు విన్నది ఇళ్లలో జరిగే తంతు. కోడిని నిండుగా కాల్చి బల్ల మీదకి తెస్తారు, ఇంటి పెద్ద కత్తి పట్టుకుని కోస్తాడు, అందరూ చూస్తారు. షిప్పు రెస్టారెంటులో అలా ఉండదు. టర్కీలన్నీ (మీరన్న పెద్ద కోడి పేరు అదే) కింద గ్యాలీలోనే, అంటే షిప్పు వంటింట్లోనే కాలతాయి, అక్కడే ముక్కలవుతాయి. ఎవరు అడిగితే వాళ్ల పళ్లెంలో నాలుగు ముక్కలు సర్ది, పైన గ్రేవీ పోసి, మూతపెట్టి తెస్తాం. మీ పక్కవారి పళ్లెంలో ఉంటుంది, మీ ఎదురుగా నిండు పక్షి మాత్రం ఉండదు. ఆ దృశ్యం పై డెక్‌లో బఫే దగ్గర ఉంటుంది. తెల్లటోపీ పెట్టుకున్న కుక్ దీపం కింద పెట్టి కోస్తుంటాడు. గురువారం అటు వెళ్లకండి, సరిపోతుంది. వియ్యపురాలు తమ ఇంటికే పిలిచి ఉంటే మీకు కష్టమయ్యేది. షిప్పు అన్నారు కాబట్టి మీరు అదృష్టవంతులు.

ఇక తిండి. టికెట్ కొన్నవాళ్లే, అంటే మీ వియ్యంకులే, కంపెనీకి ముందుగా 'ఇండియన్ వెజిటేరియన్' అని రాయించాలి. అది చాలదు. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అనుకుంటారు. 'నో ఎగ్, నో ఆనియన్, నో గార్లిక్' అని మూడూ విడివిడిగా రాయించండి. ఎక్కిన మొదటి రాత్రే మీ బల్ల హెడ్ వెయిటర్ని పిలిపించి ఇంకోసారి చెప్పండి. అతను రేపటి మెనూ ఈ రాత్రే తెచ్చి చూపిస్తాడు. మీరు చెప్పింది వంటింటికి వెళుతుంది, మీ పళ్లెం మీ పేరుతో వస్తుంది. ఆ పనిలో ఇండియా వాడు ఎవడో ఒకడు తగలకుండా ఉండడు. తెలుగువాడు తగిలితే మీ పంట పండినట్టే. ఎప్పుడూ అప్పటికప్పుడు అడగొద్దు. ఆ గురువారం సాయంత్రం వంటింట్లో నిలబడడానికి చోటుండదు, అడిగినవాళ్లకి ఉడకబెట్టిన కూరగాయలు ఇచ్చి పంపేస్తారు. నేనూ అలా పంపినవాడినే.

ఆ రోజు మెనూలో శాకాహారంలా కనిపిస్తూ కానివి చాలా ఉంటాయి. స్టఫింగ్ అంటే రొట్టెముక్కలే, కానీ కోడి రసంలో నానతాయి. గ్రేవీ సంగతి చెప్పనక్కరలేదు. చిలగడదుంప మీద తెల్లగా మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయి కరిగించి వేస్తారు, అందులో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలూ చర్మాల నుంచి తీసేది. బీన్స్ క్యాసరోల్ అని ఓవెన్లో కాల్చే కూర పైన వేయించిన ఉల్లిపాయ చల్లుతారు. 'పై' అనే తీపి వంటకం గుమ్మడికాయతోనూ, పెకాన్ గింజలతోనూ చేస్తారు, రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. ఆలుగడ్డ ముద్దలో పాలూ వెన్నా వేసి మెదుపుతారు గానీ, కొన్నిచోట్ల కోడి రసం కూడా కలుపుతారు కనుక అడిగి తినండి. ఏ అనుమానం లేకుండా తినగలిగేది క్రాన్‌బెర్రీ సాస్. ఎర్రటి పుల్లటి పండు, చక్కెరతో ఉడికిస్తారు. మన ఉసిరికాయ పచ్చడికి అలవాటుపడ్డ నాలుకకి బాగానే తగులుతుంది.

అటుకుల సంగతి: ఇంట్లో చేసినది చాలా షిప్పుల్లో లోపలికి రానివ్వరు. సీలు తీయని ప్యాకెట్లయితే ఫరవాలేదు. కోజుమెల్‌లో దిగేటప్పుడు మాత్రం బఫేలోంచి అరటిపండు సంచిలో వేసుకుని దిగొద్దు, రేవు దగ్గర కుక్కలు వాసన చూస్తాయి.

వత్తుల మాట వినగానే నాకు గుండె ఆగింది. అమ్మా, షిప్పులో మంట అంటే మాకు దేవుడి కన్నా భయం. కొవ్వొత్తి, అగరొత్తి, హారతి కర్పూరం, ఇస్త్రీపెట్టె, కరెంటు కుక్కర్, ఏదీ కేబిన్లోకి రానివ్వరు. ఎక్కేటప్పుడు స్కానర్లో దొరికితే తీసుకుంటారు. లోపల దొరికితే అల్లుడిగారి ముందు మాటపడాలి. బ్యాటరీ దీపం పెట్టుకోండి. 365 వత్తులూ బయలుదేరే ముందు హ్యూస్టన్‌లో అమ్మాయి ఇంట్లో ఏదో ఒక సాయంత్రం వెలిగించేయండి. కార్తీకమంతా పుణ్యకాలమే కదా.

ఇంకో సంగతి చూసుకోండి. ఇక్కడ పౌర్ణమి 24 మంగళవారం. గాల్వెస్టన్ టైము మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడి లెక్కన పౌర్ణమి 23 సోమవారం మధ్యాహ్నం మొదలై మంగళవారం పొద్దున్నే వెళ్లిపోతుంది. అంటే మీకు కార్తీక సోమవారం, పౌర్ణమి ఒకే సాయంత్రం వస్తాయి, అదీ నడిసముద్రంలో. ఆ రోజుల్లో అక్కడ అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. నక్షత్రం చూసి తినాలి కదా, కాబట్టి ఆరింటి భోజనం పెట్టుకోకండి. రెండో విడత, ఎనిమిది ప్రాంతంది, అడగమనండి. ముందుగా అడిగితే దొరుకుతుంది, అందరికీ పిల్లలున్నారు కనుక మొదటి విడతకే ఎగబడతారు కూడా. పై డెక్ మీద లైట్లు తక్కువున్న చోటు ముందు వైపు ఉంటుంది. చీర కొంగు నడుముకి దోపుకుని వెళ్లండి, గాలి మన బీచ్ రోడ్డు గాలి కాదు.

పండగ గురించి రెండు ముక్కలు. మనవాళ్లంతా దీన్ని అమెరికా సంక్రాంతి అంటారు గానీ, ముగ్గూ లేదు, పూజా లేదు, కొత్త బట్టలూ లేవు. ఒకే ఒక భోజనం. 1621లో ప్లిమత్ అనే చోట ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లూ, అక్కడి వాంపనోగ్ తెగవాళ్లూ కలిసి మూడు రోజులు తిన్నారని కథ మొదలవుతుంది. ఆ విందుకి తెగవాళ్లు అయిదు జింకలు తెచ్చారు. ఆ తర్వాత ఆ తెగవాళ్లకి ఏం మిగిలిందో చూస్తే పండగ కాదు కదా, ముద్ద దిగదు. 1970 నుంచి అదే ప్లిమత్‌లో అదే రోజున ఆదివాసులు సంతాపం పాటిస్తున్నారు. ఇది బల్ల దగ్గర ఎత్తకండి, తెలిసి ఉంటే మంచిది. లింకన్ 1863లో దేశమంతటికీ ఒకే రోజు ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారం అని 1941లో చట్టం చేశారు. ఈసారి అది 26న.

ఆ రోజు పొద్దున్న టీవీలో న్యూయార్క్ ఊరేగింపు, పెద్ద పెద్ద గాలిబొమ్మలతో. మధ్యాహ్నం నుంచి ఫుట్‌బాల్, కాలితో తన్నేది కాదు, గుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరిగెత్తేది. డెట్రాయిట్ జట్టు ఈ రోజున ఆడడం 1934లో మొదలైంది, డాలస్ జట్టు 1966లో. మీ వియ్యంకుడు గారు టెక్సాస్ మనిషి కాబట్టి ఈతకొలను దగ్గర పెద్ద తెర ముందే ఉంటారు. పలకరిస్తే ఊఁ అంటారు. అది అవమానం కాదు, ఆట అయ్యాక చాలా మంచివారు.

భోజనం మొదలయ్యే ముందు కొన్ని కుటుంబాల్లో చేతులు పట్టుకుని చిన్న ప్రార్థన చేస్తారు. ఒక్కొక్కరు ఈ ఏడాది తమకి జరిగిన మంచి ఏమిటో చెబుతారు. మీ వంతు వస్తుంది, ఖాయం. తెలుగులో చెప్పండి, అమ్మాయి వాళ్లకి చెబుతుంది. వంగి వడ్డిస్తున్న నన్నూ అడిగిన కుటుంబాలున్నాయి. మా చెల్లికి ఆడపిల్ల పుట్టిందని ఫోనులో విన్న ఏడాది అదే చెప్పాను. ఆ బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, బల్లలన్నీ మా వైపు తిరిగాయి. చేతిలో గ్రేవీ గిన్నెతో ఎటు చూడాలో తెలియలేదు నాకు.

కానుక: ఇది కానుకల పండగ కాదు, అది క్రిస్మస్. పిలిచినవారికి చిన్నది ఇస్తే చాలు. ఏటికొప్పాక లక్కబొమ్మల్లో కుంకుమభరిణె లాంటిది ఒకటి, సీల్ చేసిన మాడుగుల హల్వా ప్యాకెట్ ఒకటి. పట్టుచీర పెట్టి ఆవిడని ఇరుకున పెట్టకండి. మీరు మాత్రం కట్టుకోండి, పైన శాలువా కూడా, రెస్టారెంటులో ఏసీ కొరుకుతుంది.

కాగితాలు: అక్కడ పుట్టిన మనవడు ఉంటే వాడికి అక్కడి పుట్టిన సర్టిఫికెట్ చాలు, ఎక్కిన అమెరికా రేవులోనే దిగే ఇలాంటి షిప్పు ఎక్కనిస్తారు. మీకు చాలదు, పాస్‌పోర్టులే కావాలి, అవి పెట్టెలో కాదు చేతిసంచిలో. అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే మళ్లీ మళ్లీ లోపలికి రానిచ్చేది అయి ఉండాలి. చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కరలేదు. తిరిగొచ్చాక అమెరికాలో ఉండడానికి మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని మాత్రం లెక్కేసుకోకండి.

ప్రశ్న: కెనడాలో ఉన్న మా తమ్ముడు థాంక్స్‌గివింగ్ అక్టోబరులోనే అంటాడు. మీరు ఎప్పుడూ నవంబరు అంటారు. ఎవరిది తప్పు?
– ద్వారకానగర్ పాఠకుడు

జవాబు: ఎవరిదీ కాదు. కెనడావాళ్లది అక్టోబరు రెండో సోమవారం. ఈ ఏడాది 12న. మీ తమ్ముడు నవంబరులో అమెరికా షిప్పు ఎక్కితే రెండోసారి తింటాడు. ఇంగ్లండు నుంచో ఇటలీ నుంచో తిరిగే షిప్పు ఎక్కితే మాత్రం ఆ గురువారం మామూలు గురువారమే. ఎక్కే జనాన్ని బట్టి షిప్పులో పండగ.

ప్రశ్న: హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. క్రూయిజ్ షిప్పులో వెయిటరు ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెంటు రెండు లక్షలు అడుగుతున్నాడు. నవంబరులో జాయినింగ్ అంటున్నాడు. ఇలాంటి పండగలకి సిబ్బందికి సెలవుంటుందా సార్?
– గాజువాక యువకుడు

జవాబు: సెలవా? బాబూ, ఏడాదిలో నడుం విరిగే రోజుల్లో అదొకటి. ప్రయాణికులు రెండు విడతలుగా తింటారు, ప్రతి బల్లా ఆలస్యంగా లేస్తుంది, పిల్లలు ఎక్కువ. సిబ్బంది మెస్‌లో మనకీ టర్కీ పెడతారు, మనవాళ్లు పక్కనున్న అన్నం పప్పు దగ్గరికే వెళ్తారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం రోజుకి కనీసం పది గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ లెక్క రాసే కాగితం మీద సంతకం పెట్టేముందు చదువుకో, కళ్లు మూసుకుని పెట్టకు.

అసలు విషయం ఆ రెండు లక్షలు. షిప్పు ఉద్యోగం ఇప్పించినందుకు ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఆ నిబంధన 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది, మన దేశం ఒప్పుకుంది. ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ నౌకా విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు, అంటే షిప్పులకి మనుషుల్ని చేర్చే అనుమతి ఉండాలి. నంబరు అడుగు, డీజీ షిప్పింగ్ జాబితాలో నువ్వే చూసుకో. చెప్పడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్. ఉద్దానం నుంచి గాజువాక దాకా ఇలా పొలం అమ్ముకుని ఇచ్చినవాళ్లు నాకు తెలుసు, వాళ్లలో కొందరు ఏ షిప్పూ ఎక్కలేదు. సీడీసీ బుక్కు (షిప్పు ఉద్యోగి గుర్తింపు పుస్తకం), భద్రతా కోర్సులు, మెడికల్, అమెరికా రేవులకైతే షిప్పు సిబ్బందికిచ్చే సీ-1/డి వీసా, ఇవీ నీకు కావలసినవి. వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో ఉంటుంది. కంపెనీ రాసిచ్చిన ఉత్తరం చేతికి రాకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకు.