సైన్సులో పోలిక తప్పనిసరి, మనిషికి మాత్రం వద్దంటారెందుకు?

మీ ప్రశ్న ఇదీ: సైన్సులో పోల్చి చూడందే ఏదీ ఒప్పుకోరు, మనుషులకి మాత్రం "ఎవరితోనూ పోల్చుకోకు" అని చెబుతారు, ఇందులో ఏది నమ్మాలి? హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మీ పెదనాన్నగారి అబ్బాయిని చూసినప్పుడల్లా, ఊళ్లో రొయ్యల చెరువులు చూసుకుంటున్న మీకు వెనకబడిపోయానేమోనని టెన్షన్ వస్తోందని కూడా రాశారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోల్చుకోవడం మానేయమనే సలహా పాటించడానికి కుదిరేది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే ఈ సంగతి రాశాడు: తన సత్తా ఎంతో తెలుసుకోవాలని మనిషికి ఉంటుంది, కొలిచే సాధనం ఏదీ దొరకనప్పుడు తోటివాళ్ల వైపు చూస్తాడు, అదీ తనకి దగ్గరగా ఉన్నవాళ్ల వైపే. అందుకే మీకు అంబానీ గుర్తురాడు, అన్నయ్య గుర్తొస్తాడు. ఇందులో మీ తప్పేమీ లేదు. కాకపోతే చెరువు గట్టు మీద, పెళ్లి పందిళ్లలో మనం చేసేదాన్ని ల్యాబ్‌లో ఎవరూ పోలిక అనరు. అక్కడ పోల్చడానికి ముందు బోలెడు చాకిరీ ఉంటుంది. మనం ఆ చాకిరీ వదిలేసి ఫలితం మాత్రం రాసేసుకుంటాం.

నేను ఇప్పుడు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను గానీ, అంతకు ముందు భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో కొన్నేళ్లు నీటి పరీక్షలు చేశాను. ఆ చాకిరీ ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది. ఫాస్ఫేట్ పరీక్షే తీసుకోండి. చెరువు నీళ్లలో మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి క్షయకరణం (రిడక్షన్) చేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. కానీ ఆ నీలాన్ని ఒక్కదాన్నే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పక్కన స్టాండర్డులు, అంటే ఫాస్ఫేట్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు, పెట్టాలి. 0.2195 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ తూచి లీటరు చేస్తే లీటరుకి 50 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉన్నట్టు, దాన్ని పలచన చేసుకుంటూ పోవాలి. ఇంకో గొట్టంలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, దానిలోనూ అవే రసాయనాలు అంతే కొలతతో కలిపి, అంతే సేపు ఉంచాలి. దాన్ని బ్లాంక్ అంటాం. బ్లాంక్‌లో కూడా లేత నీలం తేలిందంటే అది చెరువుది కాదన్నమాట. మన రసాయనాల్లోంచి వచ్చి ఉండాలి, లేదా గాజుకి అంటుకున్న సబ్బు పొడిలోంచి. అందుకే ఆ గొట్టాలని సబ్బు పొడితో కడగనిచ్చేవాళ్లం కాదు, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనే కడగాలి.

ఈ పరీక్షకి మన భీమవరంతో చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి కూడా ఈ నీలం మీద ఆధారపడిందే. రంగు చిక్కదనం పోల్చే అప్పటి పరికరం, కలరీమీటర్‌లో కన్ను పెట్టి చూస్తే గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపించేది, ఒక సగం తెలిసిన ద్రావణానిది, రెండోది తెలియనిదానిది. రెండు సగాలూ ఒకే నీలం అయ్యేదాకా మర తిప్పుతూ ద్రావణం లోతు మార్చి, ఆ లోతుల నిష్పత్తి నుంచి లెక్క కట్టేవారు. ఒక రంగు ఎంత చిక్కగా ఉందో కన్ను అంకె చెప్పలేదు, రెండు రంగులు సమానంగా ఉన్నాయో లేదో మాత్రం భలే పట్టేస్తుంది. కండరాల నుంచి తీసిన ద్రవంతో ఈ పరీక్ష చేసినప్పుడు నీలం రావలసినంత త్వరగా రాలేదు. పక్కన స్టాండర్డ్ లేకపోయి ఉంటే ఆ ఆలస్యాన్ని ఎవరు గమనిస్తారు? దాని వెంట పడితేనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, కండరం అప్పటికప్పుడు వాడుకునే శక్తి నిల్వ అది.

సుబ్బారావుగారు మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారని మా దగ్గర పిల్లలకి తరచూ చెబుతారు, ఆయనే తప్పారు నువ్వెంత అని. ప్రేమతో చెప్పే మాటే. కానీ లెక్కగా చూస్తే అదీ నిలబడే పోలిక కాదు. ఆయనతోపాటు తప్పిన మిగతా పిల్లలంతా ఏమయ్యారో పక్కన పెట్టకుండా ఆయన ఒక్కరి కథతో ఏదీ తేలదు.

నాకు తెలిసినంతలో అన్నిటికన్నా శుభ్రమైన పోలిక వరి చేలో జరిగింది. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, మన వైపు తెలియనివాళ్లుండరు. దిగుబడికి తిరుగులేదు గానీ రోజుల తరబడి నిండా మునిగితే కుళ్లిపోతుంది. ఒడిశాలో ఎఫ్‌ఆర్13ఎ అనే పాత రకం మునిగినా బతికేది. అందులో ఆ గుణానికి కారణమైన సబ్1 అనే జన్యు భాగాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో స్వర్ణలోకి తెచ్చారు. తెచ్చాక మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేస్తూ, తరం తరానికీ డీఎన్‌ఏ గుర్తులు చూసుకుంటూ, ఆ ఒక్క ముక్క తప్ప దాదాపు అంతా స్వర్ణే అయ్యేదాకా తీసుకొచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ-సబ్1 అదే. ఇప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన ఊడ్చి, ఒకే నీటిలో రెండు వారాలు ముంచి తీయండి. ఒకటి చిగురు వేసి లేస్తుంది, రెండోది చాలావరకు పోతుంది. తేడా దేనివల్ల అంటే వేలు పెట్టి చూపించొచ్చు.

మీకూ మీ అన్నయ్యకీ మధ్య అలా ఒక్కటే తేడా ఉంటే ఆ పోలిక మీ గురించి ఏదో చెప్పినట్టే. మనుషుల్లో అలాంటి జోడీ దొరకదు. పరిశోధకులు కవలల కోసం వెతుక్కునేది అందుకే. అన్నీ సమానం చేయడం కుదరనప్పుడు వాళ్లు ఇంకో పని చేస్తారు: ఏ మడిలో ఏ విత్తనం వేయాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో పొలాల ప్రయోగాల లెక్కలు చూసిన రొనాల్డ్ ఫిషర్ 1920లలో దీన్నొక పద్ధతిగా నిలబెట్టాడు. మంచి మడి ఎవరికి పడిందన్నది అదృష్టమే గానీ ఎవరి ఇష్టమూ కాదు. మీ అన్నయ్య హైదరాబాద్ వెళ్లిందీ మీరు ఊళ్లో ఉన్నదీ చీటీలు తీసి కాదు కదా. నాన్నగారి దగ్గర ఎవరో ఒకరుండాలని ఉండిపోయినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ల్యాబ్‌కి వచ్చిన ఒక రైతు సంగతి చెబుతాను. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క చెరువులు. తమ్ముడు సీసాలో నీళ్లు పట్టుకొచ్చి, "అన్నయ్యకి 40 కౌంటు వచ్చిందండి, నాది 60 దగ్గరే ఆగిపోయింది. ఆయన ఏ మందు కొట్టాడో అదే రాసివ్వండి" అన్నాడు. కౌంటంటే కిలోకి తూగే రొయ్యలు, ఎంత తక్కువైతే అంత ధర. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నగారు సీడు, అంటే రొయ్య పిల్లల్ని, ముందుగా వదిలారు. ఎకరాకి పిల్లలు తక్కువ వేశారు. తమ్ముడి చెరువు మురుగు కాలువ వైపు ఉంది. ఆఖరికి ఆయన పోల్చుకుంటున్న పీహెచ్ కూడా ఒక వేళది కాదు: అన్నది పొద్దున్నే చూసింది, తనది మధ్యాహ్నం మూడింటికి. చెరువులో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, రాత్రి దిగుతుంది. పొద్దున 7.8 ఉన్న చెరువే మధ్యాహ్నానికి 8.6 చూపించొచ్చు. తెల్లారగట్ల రీడింగుని మధ్యాహ్నం రీడింగుతో పోలిస్తే అవి ఒకే చెరువువి అయినా రెండు చెరువుల్లా కనిపిస్తాయి. పాతికేళ్ల తమ్ముణ్ణి ముప్ఫై ఐదేళ్ల అన్నతో పోల్చేటప్పుడు మనం చేసేది సరిగ్గా ఇదే.

అయినా ఆయన మందు కావాలనే పట్టుబట్టాడు. ఆయనకి ఒకే సైజు చెరువులు రెండున్నాయి, ఒకే రోజు సీడు వదిలినవి. ఒకదానిలోనే వేయండి, రెండోది వదిలేయండి అన్నాం. వారం తిరిగేసరికి రెండు చెరువుల్లోనూ నీటి రంగు కుదురుకుంది. అప్పటిదాకా పట్టిన ముసురు వదిలి ఎండ కాసింది మరి. ఒక్కసారితో మందు దండగని కూడా చెప్పలేం, మళ్లీ పంటలో ఇలాగే చూడమన్నాం. ఆ తర్వాత రాత్రిళ్లు టార్చి లైటు పట్టుకుని అన్నగారి గట్టు మీదకి వెళ్లడం మానేశారని వాళ్ల ఆవిడ చెప్పింది.

ఆ రెండో చెరువు లేకపోతే అందరం మందే బాగుచేసిందని నమ్మేవాళ్లం. అందుకే "నిన్నటి నీతో నువ్వు పోల్చుకో" అనే సలహా కూడా నన్ను పూర్తిగా ఒప్పించదు. పరాయివాళ్లతో పోల్చుకోవడం కన్నా మేలే, కానీ ముందూ తర్వాతా చూసి కారణం తేల్చేయడం బలహీనమైన సాక్ష్యం. మరీ అంచున ఉన్న అంకె తర్వాతిసారి దానంతటదే సగటు వైపు జరుగుతూ ఉంటుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ఎత్తుల లెక్కలు ప్రచురించాడు: బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లంత పొడుగు కారు, బాగా పొట్టివాళ్ల పిల్లలు వాళ్లంత పొట్టిగా ఉండరు. పరీక్షల్లోనూ అంతే. ఒక టెస్టులో మరీ దిగజారినవాడు తర్వాతి టెస్టులో ఎంతోకొంత పైకొస్తాడు, మధ్యలో తిట్టిన మేష్టారు అది తన తిట్టు మహిమే అనుకుంటారు. బాగా మెరిసిన పిల్ల తర్వాతి టెస్టులో కాస్త తగ్గితే "పొగిడితే పాడైంది" అంటారు. పిల్లల మీద ఇది చాలా అన్యాయమని నా నమ్మకం.

ఎవరిని స్టాండర్డ్‌గా పెట్టుకున్నామన్నది ఇంకో పేచీ. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూపించి చేసిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. రజతం గెలిచినవాళ్లకన్నా కాంస్యం గెలిచినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారట. రెండో స్థానంలో ఉన్నవాడి చూపు స్వర్ణం మీద, మూడోవాడి చూపు ఒట్టి చేతులతో వెళ్లిన నాలుగోవాడి మీద. సంక్రాంతికి ఊరొచ్చే కార్లని చూసి పట్నాన్ని అంచనా వేయడం కూడా ఇలాంటిదే. ఉద్యోగం పోయినవాళ్లు ఆ పండక్కి రావడం మానేస్తారు, వాళ్లు మన లెక్కలోకే రారు.

ఇక మీ సంగతి. పోల్చుకోవాలనే ఉంటే ముందు ప్రశ్న ఒక్కటి పెట్టుకుని కాగితం మీద రాయండి. ఏడాది చివర చేతిలో ఎవరికెంత మిగులుతోందన్నదా? అయితే అటు జీతం, ఇటు రొయ్యలు పట్టి అమ్మిన డబ్బులు పెడితే సరిపోదు. అటు అద్దె, ఈఎంఐ తీసేయాలి. ఇటు సీడు, మేత, కరెంటు, డీజిలు, లీజు తీసేయాలి, వైరస్ వచ్చి పోయిన పంట కూడా కలుపుకోవాలి. మీకే తక్కువని తేలొచ్చు. తేలితే లీజు వదులుకోవాలా, ఎకరాకి పిల్లల్ని తగ్గించాలా, ఇంకో పని చూసుకోవాలా అని ఆలోచించడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ అన్నయ్య ఈసారి పండక్కి వచ్చినప్పుడు అడగండి, చాలామంది నెల ఖర్చులు దాచుకోకుండానే చెబుతారు. మీ వైపు రెండు మూడు పంటల లెక్కలు మేత, కరెంటు, లీజు విడివిడిగా రాసి పెడితే నేనూ కూర్చుని చూస్తాను.