చుట్టి పక్కన పెట్టుకునే బొమ్మలు

"పెళ్లయింది, ఉద్యోగం ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. ఇక బొమ్మలు వేయడం మానేయాల్సిందేనా?" అని అడిగారు కదా. అక్కర్లేదండీ. కాకపోతే "టైమ్ చేసుకోవాలి" అని చెప్పేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. నేనూ ఆరేళ్లు చేసుకుందామనే చూశాను. బీరువా వెనక నిలబెట్టిన పెద్ద కాన్వాసు బయటికి తీయాలంటే మా ఆయన సాయం పట్టాలి. ఆయన "ఇప్పుడా?" అనేవారు. అంతే, ఆ రోజుకి మూడ్ పోయేది.

2022లో మేము జెర్సీ సిటీలో ఉండగా న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో ఫెయిత్ రింగ్‌గోల్డ్ బొమ్మలు పెట్టారు. ఆవిడ 1930లో హార్లెంలో, అంటే న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటలో, పుట్టిన నల్లజాతి చిత్రకారిణి. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు, స్నేహితురాలు లాక్కెళ్తే వెళ్లాను. చూస్తే గోడల మీద బొంతలు! మా అమ్మమ్మ పాత చీరలు పేర్చి దబ్బనంతో కుట్టేదే, అచ్చం ఆ జాతే. మధ్యలో రంగులతో బొమ్మ, చుట్టూ పూల గుడ్డల అంచు, గుడ్డ పట్టీల మీద చేత్తో రాసిన కథ. చదవడానికి మరీ ముందుకి వంగితే అక్కడి గార్డు వెనక్కి జరగమన్నాడు.

ఇంటికొచ్చి ఆవిడ గురించి చదివాను. కాలేజీలో ఆర్ట్ చదువుదామంటే ఆ విభాగంలో ఆడవాళ్లకి సీటు లేదన్నారట, టీచర్ చదువులో చేరితే ఆర్ట్ నేర్చుకోవచ్చన్నారట. అలా టీచరయ్యి 1973 దాకా న్యూయార్క్ బడుల్లో పాఠాలు చెప్పింది. మొదటి భర్త జాజ్ పియానో వాయించేవాడు, మత్తుమందుకి అలవాటుపడ్డాడు. 1952లో ఒకే ఏడాది ఇద్దరు ఆడపిల్లలు, తర్వాత కొన్నాళ్లకే విడిపోవడం. 1962లో రెండో పెళ్లి. ఆ భర్త 2020లో పోయేదాకా వాళ్లు భార్యాభర్తలే. అల్లర్లు, రక్తం, పరుగులతో నిండిన పన్నెండు అడుగుల బొమ్మ ఒకటి 1967లో వేసింది. అది వేయడానికీ ఇంట్లో చోటు లేదు. వేసవిలో మూసేసిన గ్యాలరీని వాడుకోనిస్తే అక్కడ వేసింది.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి సంగతి. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టిబెట్ తంకాలు చూసిందట, గుడ్డ అంచుతో చుట్టిపెట్టుకునే దేవుడి బొమ్మలు. అప్పట్నుంచి చెక్క ఫ్రేములు మానేసి గుడ్డకి మారింది. చుట్టేస్తే భర్తని బతిమాలకుండా తనే మోసుకెళ్లొచ్చు, ఎక్కడికైనా పంపొచ్చు. వాళ్లమ్మ బట్టలు డిజైన్ చేసి కుట్టేది. 1980లో తల్లీకూతుళ్లు కలిసి మొదటి బొంత చేశారు. మరుసటి ఏడాదే అమ్మ పోయింది. రింగ్‌గోల్డ్ తన జీవితకథ వేస్తామనే ప్రచురణకర్త దొరక్క, 1983 నుంచి కథల్ని బొంతల మీదే రాసుకుంది. 1988 నాటి బొంతలో డాబా మీద పడుకున్న ఓ పిల్ల హార్లెం మీదుగా ఎగురుతుంటుంది, పక్కనే పెద్దవాళ్లు బల్ల దగ్గర పేకాడుతుంటారు. ఎండాకాలం రాత్రి మన డాబాలే గుర్తొచ్చాయి నాకు. (మా నాన్నగారు పేకాట పెట్టనిచ్చేవారు కాదు, అది వేరే విషయం.)

అందరికీ ఆవిడకున్నట్టు కుట్టుపని తెలిసిన అమ్మ ఉండదు, ఒప్పుకుంటాను. నేను మాత్రం ఫ్రేములు మానేశాను. మీటర్ల లెక్కన కాన్వాసు గుడ్డ కొని, నేల మీద పరిచి, ఆక్రిలిక్‌తో వేస్తాను. ఆయిల్ రంగులు వద్దు, చుడితే పగుళ్లిస్తాయి. ఆరాక రంగున్న వైపు బయటికి ఉండేలా చుట్టండి. ఇరవై నిమిషాలు దొరికితే విప్పుతాను, చిన్నవాడు లేస్తే చుట్టేస్తాను. ఎవర్నీ పిలవనక్కర్లేదు.

ఇప్పుడు నాలుగడుగుల ముక్క ఒకటి బియ్యం డబ్బా పక్కన నిలబడి ఉంది. దాని అంచుకి అమ్మ పెట్టిన వెంకటగిరి చీర కత్తిరించాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.