నెపోలియన్ సైన్యాన్ని రష్యాలో చంపింది చలేనా?

1812లో అంత పెద్ద సైన్యం ఎలా నాశనమైంది, చలి ఒక్కటే కారణమా అని అడిగారు. నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సైన్యానికి తిండి, ఇంధనం అందించే విభాగంలో పనిచేశాను. లద్దాఖ్‌లో చలికాలాలు గడిపాను. నా దృష్టిలో చలి కంటే ముందు చూడాల్సింది గుర్రాల మేత.

ఈ దండయాత్రకు మినార్డ్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు 1869లో గీసిన పటం ఒకటుంది. అందులో సైనికుల సంఖ్యను వెడల్పుతో చూపే పట్టీ 4,22,000 మందితో మొదలై, మాస్కో చేరేసరికి లక్షకు సన్నబడుతుంది. సైన్యం రష్యా సరిహద్దులోని నేమన్ నది దాటింది జూన్ చివర్లో, మాస్కోలో అడుగుపెట్టింది సెప్టెంబరు 14న. అప్పటికి మంచే పడలేదు! దారిలో కాపలాకు వదిలిన దళాలను పక్కన పెట్టినా, ఎండ, ఆకలి, టైఫస్ అనే జ్వరం, విరేచనాలు, బొరొదినో యుద్ధం కలిసి మిగతా పని చేశాయి.

ఇక గుర్రాలు. లక్షన్నరకు పైగా తెచ్చారు. మొదటి వారంలోనే భారీ వాన, కడుపులో పచ్చి పైరు. విల్నా (ఇప్పటి విల్నియస్) చేరేలోపే వేలల్లో చచ్చాయి. లద్దాఖ్‌లో మేం వేసవంతా చలికాలం సరుకు నింపుకోవడంలోనే ఉండేవాళ్లం, జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే మళ్లీ వసంతానికే దారి. కంచర గాడిద బరువు మోసినా మోయకపోయినా దాని మేత దానికి పడాలి. మేత మోసే జంతువే మేత తింటుంది కాబట్టి, దూరం పెరిగేకొద్దీ అవతలి కొసకు చేరేది తగ్గిపోతుంది. మాస్కో దాకా బండ్ల మీద అంత మందిని పోషించడం ఆ రోజుల్లో ఎవరి తరమూ కాదు.

రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ సంధికి వస్తాడని ఐదు వారాలు మాస్కోలో కూర్చోవడం క్షమించరాని పొరపాటు. అక్టోబరు 19న బయలుదేరి, తిండి దొరికే దక్షిణపు దారి పట్టబోయారు. మలోయరోస్లావెత్స్ దగ్గర రష్యన్లు అడ్డుకోవడంతో, వచ్చేటప్పుడు ఊడ్చి తినేసిన స్మొలెన్స్క్ దారికే మళ్లారు. నవంబరు మొదట్లో మంచు పడేసరికి చాలా గుర్రాలకు తగిన లాడాలే లేవు. మేం కంచర గాడిదల లాడాలకు మొనదేలిన మేకులు బిగించాకే మంచు మీదకు తీసుకెళ్లేవాళ్లం. అవి లేకపోతే ఏటవాలులో జంతువు కాలు విరుగుతుంది, దానితో పాటు సరుకూ పోతుంది. రష్యాలో అలాగే ఫిరంగులు, బండ్లు దారి పొడవునా వదిలేశారు.

బెరెజినా దగ్గర ఇంకో సంగతి. నవంబరు చివర్లో ఆ నది గట్టిగా గడ్డకట్టి ఉంటే నడిచి దాటేవాళ్లు. మధ్యలో చలి కాస్త తగ్గి నీరు కరిగింది. నెపోలియన్ సైన్యంలోని జనరల్ ఎబ్లే మనుషులు మంచు నీళ్లలో దిగి వంతెనలు కట్టారు, వాళ్లలో బతికి బయటపడినవాళ్లు చాలా తక్కువ. డిసెంబరు 5న నెపోలియన్ సైన్యాన్ని వదిలి పారిస్ బయలుదేరాడు. అందరూ చెప్పుకునే ఆ ఘోరమైన చలి ముదిరింది కూడా ఆ రోజుల్లోనే.