ఉత్తరంలో చివరి వాక్యం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లె. పెళ్లయ్యాక గాజువాకలో ఉంటున్నాను. మా అమ్మకు 61 ఏళ్లు. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు, రోజుకు నాలుగైదు చుట్టలు కాలుస్తుంది. మానమంటే, ‘మా అమ్మా తాగింది, తొంభై ఏళ్లు బతికింది’ అంటుంది. బీపీ, షుగరు ఏమీ లేవు. ముందుజాగ్రత్తగా క్యాన్సర్ పరీక్ష చేయించాలనుకుంటున్నాను. ఏ రక్తపరీక్ష రాయించుకోవాలి? రెండు నెలలుగా పులుసు తింటే నోట్లో పైన మండుతోందని మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటోంది.
– ఒక కూతురు, గాజువాక

జవాబు: మీ ఉత్తరాన్ని కింద నుంచి పైకి చదివానమ్మా. ముప్పై ఏళ్లు ఓపీలో కూర్చున్న అలవాటు అది. మనవాళ్లు అసలు సంగతి ఎప్పుడూ లేచి వెళ్లిపోతూ, తలుపు దగ్గర నిలబడి చెబుతారు. చేపల పులుసు మీద పెరిగిన మనిషి రెండు నెలలు పులుసు ముట్టలేదంటే నాకు అంతకన్నా పెద్ద కబురు అక్కర్లేదు.

రక్తపరీక్ష మాట పక్కన పెట్టండి. నోటి క్యాన్సర్‌ను ముందుగా పట్టడానికి రక్తం తీయరు, నోరు తెరిపించి చూస్తారు. టార్చిలైటు, చిన్న అద్దం, చూడటం తెలిసిన కళ్లు, అంతే. కేరళలో తిరువనంతపురం దగ్గర పల్లెల్లో ఇలా చూసే పద్ధతిని ఏళ్ల తరబడి పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.

ఇతర జిల్లాల పాఠకుల కోసం ఒక మాట. అడ్డపొగ అంటే చుట్టను నిప్పు కొన నోట్లో ఉండేలా పెట్టుకుని కాల్చడం. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. మా నాయనమ్మ కాల్చేది. చుట్ట ముట్టించి రెండు దమ్ములు మామూలుగా లాగి, చటుక్కున తిప్పి నిప్పును లోపలికి పెట్టేసుకునేది. సముద్రపు గాలికి ఆరదు, నుసి చీర మీద రాలదు, చేతులు రెండూ ఖాళీ. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పెదాల మధ్య నుంచి సన్నగా పొగ వచ్చేది. మా నాయనమ్మ నిప్పు తింటుందని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

వైద్యవిద్యలో చేరాక, పుస్తకంలో బొమ్మ చూశాకగాని ఆవిడ నోరు చూడాలని నాకు తోచలేదు. అంగిలంతా ఎండిన చెరువు మట్టిలా తెల్లగా బీటలు వారి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. ఆవిడ చివరికి వేరే జబ్బుతో పోయారు. మీ అమ్మమ్మలాగే తప్పించుకున్నారు. తప్పించుకోలేకపోయినవాళ్లను నేను వార్డులో చూశాను. ఈ పొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి మన కోస్తా రోగులను చూసిన వైద్యులు 1957లోనే రాశారు. ఆ తర్వాత మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరిశీలించి 1971లో మరో అధ్యయనం ప్రచురించారు. అంగిలి గట్టి భాగంలో క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు. మన తీరంలో అది కనబడటానికి కారణం ఈ నిప్పే.

పై కట్టుడు పళ్లుంటే తీయించి చూడండి, చాలామంది వాటితోనే నోరు చూపించేస్తారు. అంగిలి తెల్లబడి మందంగా ఉండటం, ఎర్రచుక్కలు పొగ తాగేవారిలో మామూలుగా కనిపిస్తాయి. అయినా డాక్టరు చూడాల్సిందే. మఖమల్ గుడ్డలా మెత్తగా ఎర్రబడిన మచ్చ తెల్లమచ్చ కన్నా ప్రమాదం. రెండు వారాలు దాటినా మానని పుండు, కారణం లేకుండా కదిలే పై పళ్లు, ఇన్నాళ్లూ సరిపోయి ఇప్పుడు బిగుతైన పళ్లసెట్టు కూడా అనుమానించాల్సినవే.

మీ అమ్మగారికి మంట మొదలైంది కాబట్టి ఇది ‘ముందుజాగ్రత్త’ దశ దాటింది. ఈ వారంలోనే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. అనుమానముంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ‘కత్తి తగిలితే రాచపుండు పాకుతుంది’ అని ఎవరో ఒకరు అంటారు, మీ పల్లెలో తప్పక అంటారు. అది నిజం కాదు. ముక్క పరీక్షకు భయపడి ఆరునెలలు ఆగితే ఆ ఆరునెలల్లో పాకుతుంది.

ఆవిడను అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. క్యాన్సర్ పేరెత్తి బెదిరించనూ వద్దు. మళ్లీ పులుసు తినాలని ఉందా, లేదా అని అడగండి చాలు. చుట్ట మానితే అంగిలి మీద మచ్చలు కొందరిలో వెనక్కి పోతాయని కూడా చెప్పండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ముట్లు ఆగి మూడేళ్లయింది, మావారు పోయి ఆరేళ్లయింది. గర్భాశయ ముఖద్వార పరీక్షకు రమ్మని ఆశా కార్యకర్త పదే పదే చెబుతోంది. ఇప్పుడు ఆ పరీక్షతో నాకేం పని? గర్భసంచి తీయించుకున్న మా తోడికోడలినీ రమ్మంటోంది.
– పెందుర్తి పాఠకురాలు

జవాబు: ఆ అమ్మాయిని విసుక్కోకండి, సరిగానే చెబుతోంది. ముప్పై దాటినవారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఒంట్లో చేరిన నాటి నుంచి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. కాబట్టి భర్త పోయి ఆరేళ్లయిందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఆ ఏళ్ల తరబడి వ్యవధే మనకు దొరికిన అవకాశం. మార్పు క్యాన్సర్ కాకముందే దొరికితే చిన్న చికిత్సతో తీసేయవచ్చు.

మీకొక సూచన. పల్లెల్లో ఎక్కువగా చేసేది ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసే పరీక్ష. వంటింటి వెనిగర్‌లో ఉండేది అదే. నిమిషం ఆగితే తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. చవక, మంచి పరీక్ష. కాని ముట్లు ఆగాక చూడాల్సిన భాగం లోపలికి ముడుచుకుపోతుంది, కంటికి ఆనదు. అందుకని మీరు హెచ్‌పీవీ పరీక్ష గాని, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గాని అడగండి. సిగ్గు నాకు తెలుసు. లేడీ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు.

తోడికోడలు గారి సంగతి డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. గర్భసంచితో పాటు ముఖద్వారమూ తీసేసి ఉంటే, ఆ ఆపరేషన్ క్యాన్సర్ కోసమో దాని ముందు దశ కోసమో కాకపోతే, ఆమెకు ఈ పరీక్ష అక్కర్లేదు. ముఖద్వారం వదిలేసి ఉంటే కావాలి. మన రాష్ట్రంలో ఇంతమంది గర్భసంచి తీయించుకుంటారు, ఏం తీశారో ఆ కాగితం చదివినవారిని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ప్రశ్న: నా వయసు 47. పెళ్లిరోజుకని నాకూ మా ఆవిడకూ కలిపి ఒక ల్యాబ్‌లో ‘క్యాన్సర్ ప్యాకేజీ’ తీసుకుందామనుకుంటున్నాను. కరపత్రం జతచేశాను. మంచిదేనా? మూడు నెలలుగా విరేచనంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. మూలశంకే అనుకుని మందుల దుకాణంలో పూత మందు తెచ్చి వాడుతున్నాను.
– కూర్మన్నపాలెం పాఠకుడు

జవాబు: మళ్లీ చివరి వాక్యమే! కరపత్రం చూశాను. అందులో మీకు కూడా సీఏ 125 రాశారు. అది అండాశయ క్యాన్సర్‌కు వైద్యం జరుగుతున్నవారిని గమనించడానికి వాడే పరీక్ష, మగవారికి ఎందుకో రాసినవారే చెప్పాలి. మీ ఆవిడకైనా అది ముట్టు రోజుల్లోనే పెరగవచ్చు. పేగు క్యాన్సర్‌కని రాసే మరో రక్తపరీక్ష సీఈఏ. అది పొగ తాగేవారిలో ఊరికే పెరుగుతుంది, పేగు క్యాన్సర్ తొలిదశలో చాలామందిలో పెరగనే పెరగదు. మీకు ‘నార్మల్’ అని వస్తే, ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంకో ఏడాది పూత మందు రాసుకుంటారు. నా భయం అదే.

డబ్బు ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోనీయండి. సోమవారం సర్జన్ ఓపీకి వెళ్లి, మూడు నెలల నుంచి రక్తం పడుతోందన్నది మొదటి మాటగా చెప్పండి. ఆయన మలద్వారంలో వేలు పెట్టి పరీక్షిస్తారు, అవసరమైతే కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష రాస్తారు. మూలశంకే అయి ఉండవచ్చు, ఎక్కువసార్లు అదే అవుతుంది. కాని పరీక్షించకుండానే మూలశంక అని మందు రాసిస్తే, ఆ చీటీ అక్కడే వదిలేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.