చుక్క నిలవని ఆకు మీద మందేం చేస్తుంది?

ప్రశ్న: పత్తి పెట్టి నెల దాటింది. క్విజలోఫాప్, పైరిథయోబాక్ అనే కలుపు మందులు కలిపి కొట్టినం. చిన్న ఊద, చెంచలికూర ఎండినయి గానీ ముదిరిన గడ్డి పచ్చగనే ఉంది. మందు ఆకు మీద గుండ్ల లెక్క జారిపోతుంది. డోసు పెంచి మళ్లీ కొట్టాల్నా?
– ఒక రైతు, మునుగోడు మండలం

జవాబు: డోసు పెంచకండి. జారి నేల మీద పడిన మందు ఎంత చిక్కగా ఉన్నా గడ్డికి అందదు, పత్తి ఆకు మాత్రం మాడుతుంది.

ఆకు పైపొర మీద మైనం ఉంటుంది. ఊద ఆకు మీద ఆ మైనం కంటికి కనపడని పలుకులుగా పేరుకుని ఉంటుంది. అందుకే చుక్క ఆ పలుకుల కొసల మీదే నిలబడి దొర్లిపోతుంది. పైగా ఆ ఆకు నిటారుగా నిలుస్తుంది. చెంచలికూర లాంటి వెడల్పాకు పరుచుకుని ఉంటుంది కాబట్టి చుక్కను పట్టుకుంటుంది. నూగు సంగతి వేరు: పలచగా ఉంటే చుక్కను ఆపుతుంది, దట్టంగా ఉంటే చుక్క వెంట్రుకల మీదే ఆరిపోయి లోపలికి దిగదు.

మీ చేనులో అసలు దెబ్బ వానలు ముఖం చాటేయడం వల్ల తగిలింది. చెల్క నేలలో బెట్ట తగిలితే ముదురాకు మీద మైనం మందమవుతుంది, పైపొరలో తేమ తగ్గుతుంది, మొక్కలో రసం నడక కూడా మందగిస్తుంది. గడ్డిని చంపే క్విజలోఫాప్ నూనె గుణం ఉన్న మందు, మైనం గుండా కొంత సులువుగానే దిగుతుంది. అయినా మొవ్వు దాకా చేరితేనే గడ్డి చస్తుంది. వెడల్పాకు కలుపును చంపే పైరిథయోబాక్ సోడియం లవణం, మైనం దాటడం దానికి ఇంకా కష్టం.

ఇప్పుడు ముదిరిన గడ్డికి గుంటుకే మందు. వాన పడి నేల తడిశాక, కొత్తగా మొలిచిన కలుపు రెండు నుంచి నాలుగాకుల మీద ఉన్నప్పుడు కొట్టండి. ఎకరాకు క్విజలోఫాప్ 5 శాతం 400 మి.లీ., పైరిథయోబాక్ 10 శాతం 250 మి.లీ., నీళ్లు 200 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర అవుతాయి. అంటే ట్యాంకుకు మొదటిది 32 మి.లీ., రెండోది 20 మి.లీ. చాలామంది ఐదారు ట్యాంకులతో ఎకరం ముగిస్తారు, సగం కలుపు తడవకుండా మిగిలేది అక్కడే. అలాగని ఆకు కొస నుంచి కారేదాకా కొట్టడమూ దండగే.

నాజిల్ ఫ్లాట్ ఫ్యాన్ (విసనకర్రలా పరిచి కొట్టేది) పెట్టండి. పెద్ద చుక్కలు పడే నాజిల్ అయితే అవి మైనపు ఆకును తగిలి ఎగిరిపోతాయి. పొద్దున్నే మంచు మీద కొట్టొద్దు, ఆకు ఆరనివ్వండి.

స్ప్రెడర్ (చుక్కను ఆకు మీద పరిచే ద్రావణం) కావాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవచ్చు. ఉత్త నీళ్లు కలుపు మీద కొట్టి చూడండి, ముత్యాల్లా నిలిస్తే కావాలి, పొరలా పరుచుకుంటే అక్కర్లేదు. మందు సీసా మీద స్ప్రెడర్ కలపొద్దని ఉంటే మాత్రం కలపకండి. స్ప్రెడర్ సిలికాన్ రకమైతే దాని సీసా మీద రాసినదానికంటే ఒక్క చుక్కా ఎక్కువ వద్దు, పొర మరీ పలచనై కారిపోతుంది. కలిపే వరుస ఇది: సగం ట్యాంకు నీళ్లు, తర్వాత మందు, మిగతా నీళ్లు, ఆఖరున స్ప్రెడర్. ముందే పోస్తే ట్యాంకంతా నురగే.

తుంగకు ఈ రెండు మందులూ పనిచేయవు, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: మా బోరు నీళ్లు చవుడు. గట్ల మీద కొట్టే గ్లైఫోసేట్ కలుపు మందులో సర్ఫ్ వేస్తే సరిపోదా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: సరిపోదు. చవుడు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గ్లైఫోసేట్‌ను పట్టేసుకుంటాయి. అలా కట్టుబడిన మందు ఆకులోకి సరిగా దిగదు. సర్ఫ్ వేసినా ఆ కట్టు విడిపోదు. లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు, ముందే విడిగా కరిగించి, వడకట్టి పోసి, ఆ తర్వాతే మందు కలపాలి. వాన నీళ్లు దొరికితే ఇదేదీ అక్కర్లేదు. చెరువు బురద నీళ్లు వద్దు, మట్టి కూడా గ్లైఫోసేట్‌ను పట్టేస్తుంది. బాట పక్క దుమ్ము కొట్టుకున్న గడ్డి మీద మందు పారకపోవడానికీ అదే కారణం. ఒక వాన పడి ఆకు కడిగాక కొట్టాలి.

ఇంకోటి, 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (లైసెన్సుతో మందు కొట్టేవాళ్ల) ద్వారా తప్ప వాడకూడదని ఆంక్ష పెట్టింది. గట్టు పక్కనే పత్తి ఉంటే తుంపర పడినా మొక్క పోతుంది. అక్కడ కొడవలే మేలు.