డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మడం ఆపేస్తే చాలా?

పేద, మధ్యాదాయ దేశాల్లో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మకాన్ని గట్టిగా ఆపేస్తే మందులకు లొంగని బాక్టీరియా బెడద తగ్గుతుందా అని అడిగారు. కొంత తగ్గుతుంది. అది చెయ్యాల్సిన పనే. కానీ పదకొండేళ్లు ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో, రోగుల సాంపిళ్లలోని బాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేట్లు చూసిన మనిషిగా, మొదట చెయ్యాల్సింది వేరే ఉందంటాను.

ఒకసారి నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు నుంచి వారంలోనే నాలుగు బ్లడ్ కల్చర్లలో (రక్తంలో బాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్షల్లో) క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగింది. ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూశాను. మెరోపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్ల (డిస్కు) అంచు దాకా బాక్టీరియా పాకింది. మందు పనిచేస్తే చుట్టూ కనిపించాల్సిన ఖాళీ జోన్ అన్నదే లేదు. మిగతా డిస్కుల దగ్గరా నాలుగింటిలో ఒకటే వరస. అంటే ఒకే బాక్టీరియా బిడ్డ నుంచి బిడ్డకు వెళ్తోందన్న అనుమానం. ఆ పసికందులకు ఎవరూ షాపులో మందు కొని వెయ్యలేదు కదా!

వార్డుకెళ్లి కుళాయి, సక్షన్ గొట్టాలు, సెలైన్ సీసాలు, అన్నిటి నుంచీ సాంపిళ్లు తీశాం. మందులు కలపడానికి తెరిచి పెట్టిన ఒక పెద్ద సెలైన్ సీసాలో అదే క్లెబ్సియెల్లా దొరికింది. రోజంతా అందరు పిల్లలకూ అందులోంచే తీస్తున్నారు. నర్సుల్ని తప్పుపట్టబుద్ధి కాలేదు. చిన్న సీసాలు సరఫరా లేవు, ఉన్న రెండు కుళాయిల్లో ఒకటి పనిచెయ్యదు, రాత్రి డ్యూటీకి ఒక్కరే. చిన్న సీసాలు తెప్పించి, ప్రతి మంచం దగ్గరా చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రావణం పెట్టాక కొత్త కేసులు ఆగాయి. కొత్త మందేదీ అక్కర్లేకపోయింది. అప్పటికే ఇద్దరు బిడ్డలు పోయారు. ఆ ప్లేట్లు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటాయి.

ఇది మా ఒక్క వార్డు కథ కాదు. ఈ దేశాల్లో ఇన్‌ఫెక్షన్లు రాకుండా చూసుకుంటే మందులకు లొంగని బాక్టీరియాతో ముడిపడ్డ మరణాల్లో ఏడాదికి సుమారు 7.5 లక్షలు ఆపవచ్చని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వ్యాసాలు అంచనా కట్టాయి. అందులో దాదాపు 3.37 లక్షలు ఆసుపత్రుల్లో చేతుల శుభ్రత, పరికరాల స్టెరిలైజేషన్ వంటి వాటితోనే. మిగతాది ఇళ్లకు మంచినీళ్లు, మరుగుదొడ్లు, పిల్లలకు టీకాలు.

షాపుల విషయానికొస్తే, డాక్టరు అందుబాటులోనే లేని చోట షాపు మూసేస్తే న్యుమోనియా వచ్చిన బిడ్డకు దారేది? మందు అతిగా వాడటం ఎంత నిజమో, అవసరమైనవాళ్లకు అందకపోవడమూ అంతే నిజం. భారత్, పాకిస్తాన్, కెన్యా సహా ఎనిమిది దేశాల్లో కార్బపెనెమ్‌లకు (మెరోపెనెమ్ తరహా మందులకు) లొంగని గ్రామ్ నెగెటివ్ (క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియా) ఇన్‌ఫెక్షన్లు వచ్చినవాళ్లలో 2019లో తగిన మందు అందింది 6.9 శాతానికేనని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఏ బాక్టీరియానో తెలియకుండా సరైన మందు ఎలా రాస్తారు? 14 ఆఫ్రికా దేశాల్లో పరిశీలించిన దాదాపు 50 వేల ల్యాబుల్లో బాక్టీరియా పరీక్షలు చేసేవి 1.3 శాతమే. ల్యాబు లేని చోట డాక్టరు రాసే చీటీ కూడా ఊహే.

ల్యాబు ఉన్నచోటా తిప్పలే. మాకు సాంపిళ్లు చాలావరకు రెండు మూడు డోసులు పడ్డాకే వచ్చేవి. అప్పుడు బాక్టీరియా పెరగదు, మేం ‘నో గ్రోత్’ అని రాసేవాళ్లం, డాక్టరేమో ఇంకా పెద్ద మందుకు మారేవారు. ఎన్ని సర్క్యులర్లు పంపినా మార్పు రాలేదు. చివరికి బ్లడ్ కల్చర్ సీసాలను ల్యాబులో దాచడం మానేసి, ఎమర్జెన్సీలో ఇంజెక్షన్ల బీరువాలోనే, యాంటీబయాటిక్స్ పక్కన పెట్టించాం. మందు కోసం చెయ్యి పెట్టగానే ముందు సీసా తగిలేది. ఆ నెల నుంచే మొదటి డోసుకు ముందు తీసిన సాంపిళ్లు రావడం మొదలైంది.